అయ్య నోట్లో సన్నాయి పీక

ఖరగ్‌పూర్,
మాఘమాసం, ఆదివారం పొద్దున్న.

అప్పకు,

తమ్ముడు సింహాద్రి నమస్కారాలతో రాస్తున్నాను. నేనిక్కడ బాగానే ఉన్నాను. తింటున్నాను, పడుకుంటున్నాను, పనిలోకి వెళ్తున్నాను, బెంగ పెట్టుకోకండి. అమ్మ మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? బావ దగ్గు తగ్గిందా? పిల్లలకి జలుబులూ అవీ లేవు కదా? అందరి గురించీ అడిగి అయ్య గురించి అడగలేదేమని అనుకోకు. అయ్య గురించి అడగడానికే ఈ ఉత్తరం. ఆ మాట ఎత్తుకోగానే రాయలేను, అందుకని ముందు మిగతావి రాస్తాను. నువ్వు మాత్రం సగం చదివి, అన్నం పొంగిపోతోందని లేచి పోకు. పొయ్యి మీదవన్నీ దింపేసి కూర్చో.

ఇక్కడ చలి ఇంకా పోలేదు. మన కళింగపట్నం గాలిలో ఉప్పుంటుంది, తడి ఉంటుంది. ఇక్కడి గాలి పొడిగా వచ్చి పెదాలు పగలగొడుతుంది. రైలు వర్క్‌షాపులో ఖలాసీ పని ఎలాంటిదో నీకు తెలుసు కదా, పెట్టెల కింద దూరి బోల్టులు విప్పడం, గ్రీజు పుయ్యడం. సాయంత్రానికి నన్ను చూసి అమ్మ కూడా గుర్తుపట్టదు. అన్నీ ఆవనూనెతో వండుతారు. మొదట్లో ఆ వాసనకే కడుపు నిండిపోయేది, ఇప్పుడు అలవాటైంది. అయినా చోడి అంబలి, ఎండు నెత్తళ్ళు గుర్తొచ్చిన రోజు పళ్ళెం ముందు కూర్చోబుద్ధి కాదు.

మనవాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు. బజారులో నడుస్తుంటే "ఏటి మావా" అని ఎవరో ఒకరు పిలుస్తారు. నాతో ఒకే గదిలో ఉండే అప్పన్న గురించి ఇంతకుముందు రాశాను, ఎచ్చెర్ల దగ్గరవాడు, డోలు వాయిస్తాడు. పనీ నాతోనే, పెళ్ళిళ్ళకి మేళమూ నాతోనే. నోరు మూతపడని మనిషి. నిద్రలో కూడా ఎవరినో తిడుతూ ఉంటాడు. ఆ నోటి పుణ్యానే నేనివాళ ఈ ఉత్తరం రాయగలుగుతున్నాను, ఆ సంగతీ రాస్తాను.

అన్నట్టు, కార్తీకంలో నువ్వు ఉప్పేసి ఎండబెట్టిన ఉసిరి పలుకులు ఉంటే, ఇటు వచ్చేవాళ్ళ చేత ఒక డబ్బాడు పంపు. బుగ్గన పెట్టుకుంటే నోట్లో నీరూరుతుంది. అది నాకిప్పుడు అవసరం.

సరే, ఇంక అయ్య విషయం. నీ ఉత్తరం గురువారం అందింది. ఆవు ఈనిందని రాశావు, సంతోషం. పేయదూడ అన్నావు, ఇంకా సంతోషం. దాని కిందనే రాశావు కదా, అయ్య బాగానే ఉన్నాడు, పొద్దున్న లేచింది మొదలు పొద్దుగూకేదాకా సన్నాయి పీక నోట్లో పెట్టుకునే కూర్చుంటున్నాడు, అందుకని మేమెవరమూ పలకరించడం లేదు, అని. ఆ వాక్యం దగ్గరే ఆగిపోయి మళ్ళీ మళ్ళీ చదివాను అప్పా.

మన ఇంటి నియమం మనకి ఉగ్గుపాలతో పట్టినది. గుడిలో మేలుకొలుపు ఊదాల్సిన మనిషి లేవగానే సన్నాయి కొసన బిగించే రెల్లు పీకని నోట్లో పెట్టుకుని నానబెట్టుకుంటాడు. సేవ అయి ఇంటికొచ్చేదాకా ఆ మనిషితో ఎవరూ మాట్లాడకూడదు. చిన్నప్పుడు మనం ఆకలని ఏడ్చినా అయ్య కళ్ళతోనే కసిరేవాడు. "పీక నోట్లో ఉన్నోడు సామి మనిసి. ఆడ్ని కదపకండి," అని మనకి ఎన్నిసార్లు చెప్పాడో. మన ఇంట్లో దొంగ పడ్డా అమ్మ సైగ చేసి చూపించేదే గాని నోరు విప్పేది కాదు.

కానీ అయ్యకి ముందు పళ్ళు ఊడిపోయి ఎంత కాలమైంది? పెదవులు పట్టక సన్నాయి పక్కన పెట్టేశాడు. గుడి సేవ పెదనాన్నగారి అబ్బాయిలు చేస్తున్నారు. ఊదేది లేదు, వెళ్ళేది లేదు. మరి పొద్దస్తమానం ఆ పీక దేనికి నానబెడుతున్నాడు? మీలో ఒక్కరికైనా ఆ అనుమానం రాలేదా? కోపంగా రాస్తున్నానని బాధపడకు. నా కోపం మీ మీద కాదు.

మన కూర్మారావన్నయ్య ఆఖరి రోజులు గుర్తు తెచ్చుకో. పెరట్లో మునగచెట్టు దగ్గర గోడకి చేరగిలబడి, నోట్లో పీక పెట్టుకుని కూర్చునేవాడు. అమ్మ పళ్ళెం పెట్టి చప్పుడు కాకుండా వచ్చేసేది. సాయంత్రం ఆ పళ్ళెం అలాగే ఉంటే, సాధనలో పడి తిండి మరిచిపోయాడని మురిసిపోయేది. సామి కల్యాణానికి ఏదో కొత్త రాగం పడుతున్నాడని అయ్య ఊరంతా చెప్పుకున్నాడు. నేను అడుగుల చప్పుడు కూడా వినపడకుండా వాడి పక్కనుంచి నడిచాను. చెంపలు లోపలికి పోయాయి, గడ్డం మాసింది, తెల్లవారకముందే లేచి కూర్చునేవాడు. మనమంతా భక్తి అనుకున్నాం. స్నానానికని వంశధారకి వెళ్ళిన మనిషి తిరిగి రాలేదు. గట్టు మీద తువ్వాలులో పీక దొరికింది, కట్టెలా ఎండిపోయి ఉంది. కాలు జారిందని అందరికీ చెప్పాం. ఊరికి ఆ మాటే ఉండనీ.

వాడు ఆ రోజుల్లో రాగం పట్టలేదు అప్పా. వాడికి జబ్బు చేసింది. ఆ జబ్బు నాకూ చేసింది కనక చెప్తున్నాను.

ఇంటికి రాయలేదు, నిజమే. రాస్తే అమ్మ అన్నం మానేస్తుందని రాయలేదు. వానలు మొదలయ్యాక వచ్చింది నాకది. జ్వరం లేదు, నొప్పి లేదు. కోడి కూయకముందే మెలకువ వచ్చేసేది, వచ్చాక గుండెల మీద బండ పెట్టినట్టుండేది. అన్నం ఊక నమిలినట్టుండేది. పనిలో ఒక బోల్టు చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడేవాణ్ణో నాకే తెలిసేది కాదు. అన్న గుర్తొచ్చినా ఏడుపు వచ్చేది కాదు. ఏడవడానికి కూడా ఎవరో ఒకరు లోపల ఉండాలి కదా, ఎవరూ లేరు. అప్పుడు నేనేం చేశానో తెలుసా? పెట్టెలోంచి పీక తీసి నోట్లో పెట్టుకున్నాను. అది నోట్లో ఉంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అన్న ఎందుకు పెట్టుకున్నాడో ఆ రోజు తెలిసింది.

అయితే మా గదిలో మన ఇంటి నియమం చెల్లలేదు. అప్పన్నది డోలు ఇల్లు, వాడికి పీక మర్యాద ఏం తెలుసు? రెండు రోజులు చూశాడు, మూడోనాడు చెయ్యి పెట్టి నా నోట్లోంచి లాగేశాడు.

"ఊదితే ఊదు, నేకపోతే తియ్యి. ఇదేటిరా, నోరు మూసుకోడానికా పీక?" అన్నాడు.

వాడు నా మొహంలోకి చూసి, తనే చొక్కా తొడిగించి డాక్టరు దగ్గరకి తీసుకెళ్ళాడు. ముందు చూసిన డాక్టరు ఒళ్ళంతా పరీక్ష చేసి, ఒంట్లో ఏమీ లేదు, మనసు జబ్బులు చూసే డాక్టరుకి చూపించమన్నాడు. పిచ్చి డాక్టరు దగ్గరకి నేను రానన్నాను. అప్పన్న చెయ్యి వదలలేదు.

ఆయన బెంగాలీ, పెద్దవయసు, మెల్లగా మాట్లాడతాడు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, పొద్దున్న ఎక్కువా సాయంత్రం ఎక్కువా, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా, అని అడిగాడు. ఆఖరి ప్రశ్నకి అన్న సంగతి చెప్పాను. ఆయన కలం కింద పెట్టేసి, అన్న ఆఖరి రోజుల గురించి ఇంకా అడిగాడు. తరవాత ఆయన చెప్పినదంతా, బెంగాలీ బాగా వచ్చిన అప్పన్న నాకు మన మాటల్లో చెప్పాడు.

"ఒరే, నీకు గాలీ సోకనేదు, ఎవులూ సేతబడీ సెయ్యనేదు. ఇది జొరంలాటి జబ్బే. దీనికి మందున్నాది."

ఆ మందు ఏం చేస్తుందో విను, బావకీ చదివి వినిపించు. మెదడులో నరానికీ నరానికీ మధ్య సన్నటి సందు ఉంటుందట. ఈ నరం కబురు ఆ నరానికి చేరాలంటే ఆ సందులోకి ఒక పదార్థం వదలాలి. అలాంటివి కొన్ని ఉన్నాయి, అందులో ఒకదాని పేరు సెరొటోనిన్. కబురు అందాక, వదిలిన నరమే దాన్ని మళ్ళీ లోపలికి తోడేసుకుంటుంది. అది అందరి తలలోనూ జరిగేదే. ఈ జబ్బులో ఆ పదార్థం చాలడం లేదని పెద్ద డాక్టర్లు అనుకుంటున్నారు, ఇంకా తేల్చుకుంటున్నారు కూడా. ఇమిప్రమిన్ అనే ఈ మాత్ర ఆ తోడుకోవడాన్ని ఆపుతుంది. ఆ పదార్థం సందులో ఇంకాసేపు నిలుస్తుంది. నాకు సగమే అర్థమై బిక్కమొహం వేస్తే, అప్పన్న తన పొలం భాషలోకి దిగాడు.

"పై మడోడు నీరొదిలి, కింద మడి తడవకముందే గూడేసి మల్లీ తోడుకుంతన్నాడనుకో. ఈ మాత్ర ఆడి సెయ్యట్టుకుంతాది. అదీ సంగతి."

అదేమిటని డాక్టరు అడిగితే, వాడు తాళ్ళు కట్టిన గూడతో మడికి నీళ్ళు తోడే తీరు చేతులతో చేసి చూపించాడు. ఆయన నవ్వి, ఇంచుమించు అంతే అన్నాడు.

మాత్ర మింగగానే తగ్గిపోతుందనుకోకు. తలనొప్పి మాత్రలాంటిది కాదది. మొదటి రెండు వారాలు నాకు జరిగిన మేలు ఒక్కటీ లేదు. నోరు ఎండిపోయింది, మలబద్ధకం పట్టింది, గభాలున లేస్తే కళ్ళు తిరిగాయి. ఇదేం మందని విసిరికొట్టబోయాను. ముందు కష్టాలు కనిపిస్తాయి, మేలు వెనక వస్తుంది, మానొద్దని డాక్టరు ముందే చెప్పాడు కనక మింగాను. ఆ పైన ఒకరోజు వర్క్‌షాపులో సుత్తి దెబ్బలు వింటూ నా వేళ్ళు తొడ మీద తాళం వేస్తున్నాయని చూసుకున్నాను. ఇంకో రోజు పక్కింట్లో వంకాయ కాలుస్తుంటే ఆకలేసింది. ఆ తరవాత ఒక సాయంత్రం, తువ్వాలు ఆరేస్తూ ఉండగా అన్న గుర్తొచ్చి ఏడుపొచ్చింది. పోయిన ఇన్నాళ్ళకి మొదటిసారి వాడి కోసం ఏడ్చాను. అప్పన్న భయపడి డాక్టరుకి చెబితే, ఆయన మంచిదే అన్నాడట.

అందుకని అప్పా, ఇది నవ్వు తెప్పించే మందనీ, మత్తు మందనీ ఎవరైనా అంటే నమ్మకు. అన్న పోయిన దుఃఖం నాకు పోలేదు, ఏ మందుకీ పోదు. దుఃఖం వేరు, ఈ జబ్బు వేరు. నిద్ర, ఆకలి, పని మీద ఆసక్తి, మనుషుల మీద ప్రేమ, అన్నీ ఆరిపోయే జబ్బు ఇది. దానికే ఈ మందు.

ఇంక నోరు ఎండడం గురించి చెప్పాలి, మన వంశానికి అదే గండం. ఉమ్మి లేని నోట్లో పీక నానదు, నానకపోతే నాదం పలకదు. మార్గశిరంలో ఇక్కడ మనవాళ్ళ పెళ్ళికి ఒప్పుకున్నాను. ఒళ్ళు బాగానే ఉంది కదా అని ముందుగానే మాత్రలు ఆపేశాను. పెళ్ళిలో బ్రహ్మాండంగా ఊదాను, తలంబ్రాల వేళ అందరూ తలలూపారు. తరవాత కొన్నాళ్ళకే ఆ బండ వచ్చి మళ్ళీ గుండెల మీద కూర్చుంది. ఈసారి ఇంకా బరువుగా. డాక్టరు తిట్టాడు. బాగయ్యాక కూడా నెలల తరబడి మింగాలట, ఆపాలంటే ఆయన చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలట. మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాను. ఇప్పుడు బాగున్నాను, నిజంగానే బాగున్నాను. సన్నాయి మాత్రం గుడ్డ చుట్టి అటక మీద పెట్టేశాను. మోతాదు తగ్గినప్పుడు మళ్ళీ ఊదుకోవచ్చని డాక్టరు అంటాడు. ఊదకపోతే చచ్చిపోనని నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ మాట నమ్మడం చాలా కష్టంగా ఉంది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సినది. ఈ ఉత్తరం మడిచి పెట్టగానే అయ్య దగ్గరకి వెళ్ళు. నియమం గియమం చూడకు, పక్కన కూర్చుని పలకరించు. పీక తియ్యమను. తియ్యకపోతే నువ్వే తియ్యి. నిద్ర పడుతోందా అయ్యా, ఆకలేస్తోందా, బతకాలని ఉందా, అని ఆ మాట ఆ మాటగానే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందేమో అని భయపడకు. నేనూ డాక్టరుని అదే అడిగాను. అలా పుట్టదట, అడిగినవాళ్ళు ఉన్నారని ప్రాణం కుదుటపడుతుందట. ఆయన్ని ఒక్కణ్ణీ ఏటికి పంపొద్దు. రాత్రుళ్ళు బావని ఆయన పక్కన మంచం వేసుకోమను.

తరవాత విశాఖపట్నం తీసుకెళ్ళండి. అక్కడ మనసు జబ్బుల డాక్టర్లు ఉన్నారు. నా మాత్రలే పొట్లం కట్టి పంపుదామనుకున్నాను, మా డాక్టరు మండిపడ్డాడు. పెద్దవయసు వాళ్ళకి ముందు గుండె చూడాలి, కళ్ళు చూడాలి, ఒంటేలు సరిగ్గా వస్తోందో లేదో కనుక్కోవాలి, మోతాదు తక్కువతో మొదలుపెట్టాలి. ఇచ్చిన మందు నీ పెట్టెలో తాళం వేసి ఉంచు, ఏ పూటది ఆ పూట నీ చేత్తో ఇయ్యి. సీసా అంతా ఆయన దగ్గర పెట్టకు. ఎందుకో నీకు రాయక్కర్లేదు.

అమ్మ శ్రీకూర్మం సామికి మొక్కుకుంటానంటుంది. మొక్కుకోమను, నేనే వచ్చి తీరుస్తాను. మొక్కు మొక్కే, మాత్ర మాత్రే, ఒకటుందని రెండోది మానొద్దని చెప్పు. నువ్వు చెప్తే వింటుంది. అన్న జబ్బు సంగతి రాసిన ముక్కలు అమ్మకి చదవకు. నువ్వూ బావా చదువుకోండి.

టెలిగ్రాం ఇచ్చేవాణ్ణే. తంతివాడు గుమ్మంలోకి వస్తే అమ్మ ఎవరో పోయారనుకుని అక్కడే కూలబడిపోతుంది, అందుకని ఉత్తరం రాశాను. సెలవు అడిగాను, ఇచ్చిన రోజే మెయిలు బండి ఎక్కుతాను. నా కోసం ఆగకండి. నేను వచ్చేసరికి మీరు విశాఖపట్నంలో ఉన్నారంటే నేరుగా అక్కడికే వస్తాను.

అయ్య ఒప్పుకోడని నాకు తెలుసు. సామికి ఊదిన నోరు, దాన్ని ఎండబెట్టే మందు మింగనంటాడు. అప్పుడు నా మాటగా చెప్పు. సింహాద్రి మింగుతున్నాడు, సన్నాయి అటకెక్కించాడు, బతికున్నాడు, అని చెప్పు. ఊదే కొడుకుని ఏరు తీసుకుపోయింది, ఊదని కొడుకైనా ఉన్నాడు కదా అని చెప్పు. నాకు అయ్య ఊదక్కర్లేదు, ఉంటే చాలు.

అమ్మ పాదాలకి, అయ్య పాదాలకి నా తల ఆనించానని చెప్పు. బావకి నమస్కారం, పెదనాన్నగారింటి పెద్దలందరికీ దండాలు. పిల్లలకి ముద్దులు. నువ్వు నా కన్నా పెద్దదానివి, నీ దీవెన నాకు కావాలి. నా గురించి బెంగ పెట్టుకోకండి, నేను బాగానే ఉన్నాను.

నీ తమ్ముడు,
సింహాద్రి

ఇంకా ఈ మూల కాస్త చోటు మిగిలింది. పైన ఉసిరి పలుకులు పంపమన్నాను కదా, పంపకు. మాత్ర మొదలుపెట్టాక అయ్య నోరు ఎండిపోతుంది. ఎండిన నోట్లో పీక నిలవదు, ఆయనే తీసి పక్కన పెడతాడు. అప్పుడు ఒక ఉసిరి పలుకు ఆయన చేతిలో పెట్టి ఎదురుగా కూర్చో. చప్పరిస్తూ ఏదో ఒకటి అంటాడు. ఉప్పెక్కువైందని నిన్ను తిట్టినా సరే, ఏమన్నాడో నాకు రాయి.